ఆకాశపు పంపకము: నందికొండ చెప్పు లెక్క

ఉప్పు మొదలు కర్పూరము వరకు ఇంట ఏ వస్తువు ఎంత వచ్చినది, ఎంత వ్యయమైనది, ఎవరికి ఎంత బాకీ యున్నది అను లెక్క మన గృహిణులకు క్రొత్త కాదు. ఉమ్మడి కుటుంబములందు మెలగిన వారికి మరియొక లెక్క కూడ బాగుగ తెలియును. మొదటి పంక్తిలో కూర్చుండి పిండివంటలన్నియు ఆరగించినవారు చేయి కడిగికొని లేచిన పిమ్మట, కడపటి పంక్తిలో మజ్జిగయన్నము తిన్నవారిని పిలిచి, అంట్లన్నియు అందరమును సమానముగా తోముదము రండు అనిన నెట్లుండును? ప్రపంచ దేశముల నడుమ నేడు నడచుచున్న తగవు ఇట్టిదే. అయితే ఇచట పంచుకొనవలసినది పొలము కాదు, బంగారము కాదు. మన నెత్తిమీది ఆకాశము. దానిలోనికి ఎవరు ఎంత పొగ వదలవచ్చును, ఇదివరకే వదలినవారు ఎంత పరిహారము చెల్లింపవలయును అను విషయమై ముప్పదియేండ్లకు పైగా దేశదేశముల ప్రతినిధులు ఏటేట సభదీర్చి వాదించుకొనుచున్నారు.

ఇది రాజ్యతంత్రజ్ఞుల గొడవ, మనకేల యని సోదరీమణులు పుట త్రిప్పివేయకుందురు గాక. ఆ సభలలో లెక్కకు వచ్చునవి మన పొయ్యి, మన దీపము, మన వరిమడి. ఎచటనో దూరదేశమున వ్రాసికొన్న ఒడంబడిక మన యింటికి ఏ దారిని నడచి వచ్చునో తెలిసికొనుటకు నల్లగొండ జిల్లాలోని నందికొండ కంటె మంచి తావు మాకు కనబడలేదు. అచటి కృష్ణాతీరమున నిలిచి చూచినచో, లోకమంతయు తర్జనభర్జనలు పడుచున్న మార్గములన్నియు కొలది క్రోసుల మేరలోనే కానవచ్చును.

కనబడని పొగ

పొగ యనగా కంటిని మండించు నల్లని పొగ మాత్రమే కాదు. కట్టె, బొగ్గు, కిరసనాయిలు, పెట్రోలు, వంటగ్యాసు, వీనిలో ఏది మండినను దానియందలి బొగ్గు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి బొగ్గుపులుసు వాయువగును. దానికి రంగు లేదు, వాసన లేదు. 12 పాళ్ళ బొగ్గుతో 32 పాళ్ళ ప్రాణవాయువు కలియును గనుక, 12 కిలోల శుద్ధమైన బొగ్గు మండినచో 44 కిలోల వాయువు పుట్టును. కావుననే 14.2 కిలోల గ్యాసుబండ యొకటి ఖాళీ యగునప్పటికి సుమారు 42 కిలోల వాయువు ఆకాశమునకు చేరును. బొగ్గును మండించి తీసిన కరెంటైనచో యూనిట్ ఒక్కింటికి సుమారొక కిలో అని గుర్తుంచుకొనిన చాలును.

ఈ వాయువు ఎండవేడిమిని పట్టియుంచునని ప్రయోగముచేసి చూపినవారిలో మొదటిది ఒక స్త్రీయని తెలిసినప్పుడు మన సోదరీమణులకు సంతోషము కలుగకపోదు. 1856వ సంవత్సరమున అమెరికాదేశమున యూనిస్ ఫుట్ అను నామె గాజుగొట్టములలో వేర్వేరు వాయువులను నింపి ఎండలో నుంచెను. బొగ్గుపులుసు వాయువు గల గొట్టము తక్కినవానికంటె ఎక్కువగా వేడెక్కెను. నీడలోనికి తెచ్చిన పిమ్మట చల్లారుటకును ఎక్కువకాలము పట్టెను. ఆకాశమున ఈ వాయువు హెచ్చినచో భూమియు వేడెక్కునని ఆమె ఆనాడే ఊహించెను. ఆమె వ్రాసిన పత్రమును పండితసభలో ఆమె చదువలేదు. జోసెఫ్ హెన్రీ యను శాస్త్రజ్ఞుడు చదివెను. ఆ తరువాత నూరేండ్లకు పైగా ఆమె పేరే మరుగున పడిపోయెను. ఈ వాయువు రెట్టింపైనచో భూమి ఎంత వేడెక్కునో 1896లో స్వీడను దేశీయుడగు అర్హీనియస్ గణితముచేసి చెప్పెను.

యంత్రయుగమునకు పూర్వము పదిలక్షల పాళ్ళ గాలిలో ఈ వాయువు 280 పాళ్ళుండెడిది. ఇప్పుడది 420 పాళ్ళను దాటినది. యంత్రయుగారంభపు వేడిమితో పోల్చిచూడగా 2024వ సంవత్సరము ఒకటిన్నర డిగ్రీలకు మించి వేడెక్కిన తొలియేడని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించినది. ఒకటిన్నర డిగ్రీలు స్వల్పమని తోచవచ్చును. కాని బిడ్డ యొంటివేడి ఒకటిన్నర డిగ్రీలు హెచ్చినచో ఏ తల్లి నిద్రపోగలదు? వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోయును. కురిసినచో కుండపోత, కురియకున్నచో నెలల తరబడి బెట్ట. పాలమూరు మెట్టలవారికి బెట్ట యననేమో చెప్పనక్కరలేదు; వలసపోయిన మగవారికొరకు ఎదురుచూచిన యిల్లాండ్రు ఆ సీమలో ఊరూరను కలరు. 2009 అక్టోబరు నెలలో కృష్ణా తుంగభద్రలు పొంగి కర్నూలు పట్టణమును, పాలమూరు సీమలోని ఆలంపురమును ముంచివేసిన సంగతియు మరువరానిది. ఒక్క వరదను చూపి ఇది పొగవలననే వచ్చినదనుట శాస్త్రసమ్మతము కాదు. అయితే ఇట్టివి హెచ్చుచుండుటకు భూమి వేడెక్కుటయు కారణమని శాస్త్రజ్ఞులు నిర్ధారించియున్నారు.

దేశముల తగవు

ఈ తగవులో మనదేశము చేయుచున్న వాదమునకు అర్ధశతాబ్దికి మించిన చరిత్ర కలదు. 1972లో స్టాక్‌హోము నగరమున ప్రకృతిరక్షణ విషయమై తొలి ప్రపంచసభ జరిగినప్పుడు, ఆతిథ్యమిచ్చిన దేశపు ప్రధాని తప్ప, ఇతర దేశములనుండి స్వయముగ వెళ్ళిన ప్రధాని ఇందిరాగాంధి యొక్కతె. దారిద్ర్యమును తీర్చక ప్రకృతిని కాపాడుట సాధ్యము కాదని ఆమె అచట నొక్కి చెప్పెను. 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ అను ఇరువురు ఢిల్లీనుండి ఒక చిన్న గ్రంథము వెలువరించి, ప్రాణము నిలుపుకొనుటకై వదలు పొగకును, భోగమునకై వదలు పొగకును ఒకే తూకము వేయరాదని వాదించిరి. పేదరైతు మడిలోని వాయువును, ధనికుని మోటారుకారు వదలు వాయువును ఒకే రాశిలో పోయుట అన్యాయమని వారి మతము.

1992లో బ్రెజిలు దేశపు రియో నగరమున దేశములన్నియు కూడి ఒక ఒడంబడిక చేసికొనినవి. ఆకాశమును కాపాడు భారము అందరికిని ఉమ్మడిదే. కాని మోయవలసిన బరువులు వేర్వేరు అనునది దాని మూలసూత్రము. 1997లో జపాను దేశపు క్యోటో నగరమున, ధనికదేశములు 1990 నాటి తమ పొగను సగటున నూటికి 5 పాళ్ళు తగ్గించునట్లు ఒప్పందము వ్రాసికొనిరి. అమెరికా సంతకము చేసియు దానిని ఖాయపరచలేదు. 2015 డిసెంబరులో పారిసు నగరమున పద్ధతి మారినది. ఇంత తగ్గింపుమని ఒకరు మరియొకరికి విధించుట మాని, ప్రతి దేశమును తాను చేయగలిగినది తానే వ్రాసియిచ్చి, ఐదేండ్లకొకమారు ఆ మాటను పెంచుకొనవలయునని నిర్ణయించిరి. మనదేశము 2016 అక్టోబరు 2వ తేదీన, గాంధీజయంతినాడు, దీనిని ఖాయపరచినది.

2021లో గ్లాస్గో సభయందు భారతదేశము 2070 నాటికి తాను వదలు పొగకును, చెట్లు మొదలైనవానిచే తిరిగి పీల్పించు పొగకును సరిసమానము చేయుదునని మాటయిచ్చెను. 2030 నాటికి బొగ్గు, చమురు, గ్యాసు కాని మార్గములనుండి 5 లక్షల మెగావాట్ల శక్తిని నెలకొల్పుదుననియు చెప్పెను. అదే సభలో తీర్మానమునందలి "బొగ్గును మాన్పుట" యను మాటను "బొగ్గును తగ్గించుట" యని మార్పించినదియు మనదేశమే. ఈ రెండు మాటల నడుమనే మన చిక్కంతయు నున్నది. 2025 మధ్యకాలమునకు దేశమున నెలకొల్పిన విద్యుచ్ఛక్తిలో సగము బొగ్గేతర మార్గములది యైనది; ఇది మెచ్చదగిన పని. కాని నెలకొల్పుట వేరు, పుట్టించుట వేరు. ప్రొద్దు గ్రుంకిన పిదప సౌరఫలకము పనిచేయదు గనుక, దేశమున వాడు కరెంటులో అధికభాగము నేటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది.

ధనమాట వచ్చినప్పుడు తగవు మరింత ముదురును. పేదదేశములకు ఏటికి 10 వేల కోట్ల డాలర్లు సమకూర్తుమని ధనికదేశములు 2009లో మాటయిచ్చినవి. 2020 నాటికి నెరవేరవలసిన ఆ మాట 2022లో గాని నెరవేరలేదు. 2024లో బాకూ సభయందు 2035 నాటికి ఏటికి 30 వేల కోట్ల డాలర్లని తీర్మానించినప్పుడు, ఇది మిక్కిలి స్వల్పమని మన దేశపు ప్రతినిధురాలు నిండుసభలో ఆక్షేపించెను. అమెరికాయో, పారిసు ఒడంబడికనుండి 2020లో వైదొలగి, 2021లో తిరిగి చేరి, 2025 జనవరిలో మరల వైదొలగుటకు ఉత్తరువు వెలువరించెను. సగటున మనదేశీయుడొకడు ఏటికి సుమారు 2 టన్నుల బొగ్గుపులుసు వాయువునకు కారకుడగుచుండగా, అమెరికా దేశీయుడు సుమారు 14 టన్నులకు కారకుడగుచున్నాడు. కావున మనవారు సభలలో న్యాయమడుగుట ఉచితమే. అయితే బయట అడుగు న్యాయమును మనము ఇంట పాటించుచున్నామా? ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలనిరి గదా. నందికొండయొద్ద ఆ పరీక్ష చేసి చూతము.

నందికొండ

1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయునప్పటికి ఈ పథకమును నందికొండ ప్రాజెక్టనియే వాడుక. పిదప నాగార్జునసాగర మని పేరు వచ్చెను. యంత్రములచే కాంక్రీటు పోయుటకు బదులు వేలకొలది స్త్రీపురుషుల చేతిపనితో రాతికట్టడముగ లేపిన ఈ ఆనకట్ట 124 మీటరుల యెత్తు కలది. దానికి 26 తలుపులు కలవు. 1967 ఆగస్టులో కుడియెడమ కాలువలకు నీరు విడిచినదియు ఇందిరాగాంధియే. ఐదేండ్ల తరువాత ఆమె స్టాక్‌హోములో దారిద్ర్యమును గూర్చి పలికినప్పుడు నందికొండవంటి చోట్లు ఆమె మనస్సులో మెదలియే యుండునని మేము తలంచుచున్నాము.

ఆనకట్ట అడుగున గల విద్యుత్కేంద్రమున ఎనిమిది యంత్రములు కలవు. మొత్తము శక్తి సుమారు 816 మెగావాట్లు. వీనిలో ఏడు యంత్రములకు ఒక విశేషము కలదు. అవి నీరు క్రిందికి దుముకునప్పుడు కరెంటు పుట్టించును. కరెంటిచ్చి వెనుకకు త్రిప్పినచో క్రిందినీటిని మరల సాగరములోనికి ఎక్కించును. క్రింద నీరు నిలువయుండుటకై దిగువన మరియొక చిన్నకట్ట కట్టిరి. పది యూనిట్లు ఖర్చుచేసి నీరెక్కించినచో తిరిగి వచ్చునది ఏడెనిమిది యూనిట్లే. నష్టమునకు ఈ పని ఎందులకని అడుగవచ్చును. వేసవిలో మామిడికాయ విరివిగా కాచినప్పుడు మనము ఊరగాయ పెట్టుకొనుట ఎందులకు? కాయలేని కాలమున అక్కరకు వచ్చుటకే. పాలమూరు మెట్టలలో వెలసిన సౌరఫలకములు నడిమధ్యాహ్నమున కావలసినదానికంటె ఎక్కువ కరెంటు ఇచ్చునప్పుడు నీటిని ఎక్కించి, దీపములు పెట్టు వేళకు దానిని దింపుకొనవచ్చును. ఎగువన శ్రీశైలము ఎడమగట్టున, పూర్వపు మహబూబునగరము జిల్లాలో, భూగర్భమున ఇట్టివే ఆరు యంత్రములు, మొత్తము 900 మెగావాట్లవి, కలవు. బొగ్గులేని కరెంటును రాత్రికి దాచుట యెట్లని లోకము తలపట్టుకొనుచుండగా, దానికొక సమాధానము మన కృష్ణమ్మ యొడిలో ఏనాటినుండియో ఉన్నది.

అయితే పొగలేని కరెంటు వెలలేని కరెంటని భ్రమపడరాదు. సాగరము నిండినప్పుడు ఇక్ష్వాకుల విజయపురి నీట మునిగెను. 1954 నుండి 1960 వరకు త్రవ్వి తీసిన శిల్పములను కొండమీదికిని, అనుపు గ్రామమునకును తరలించి కాపాడిరి. చాంతిసిరి యను రాజసోదరి, బోధిసిరి యను ఉపాసిక చేసిన దానములను తెలుపు శాసనములు ఆ లోయలో దొరకినవే. శాసనములకు మ్యూజియము దొరకెను. ఊళ్ళు విడిచిన కుటుంబములకు, తులసికోటను, చేదబావిని, పశువులపాకను నీటిపాలుచేసి లేచిన యిల్లాండ్రకు ఏ మ్యూజియమునందును పద్దు లేదు. శ్రీశైలపు భూగర్భకేంద్రమున 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి అగ్నిప్రమాదము సంభవించి తొమ్మండుగురు ప్రాణములు కోల్పోయిరి. మునిగిన ఆకులలములు కుళ్ళుటవలన జలాశయములనుండియు కొంత వాయువు వెలువడునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

నందికొండకు దిగువన కృష్ణయొడ్డుననే, దామరచర్ల మండలము వీర్లపాలెముకడ, యాదాద్రి తాపవిద్యుత్కేంద్రము నిర్మింపబడినది. దీనికి 2015లో శంకుస్థాపన జరిగెను. ఒక్కొక్కటి 800 మెగావాట్ల యంత్రములు ఐదు; మొత్తము 4000 మెగావాట్లు. 2022లో జాతీయ హరిత న్యాయస్థానము దాని యనుమతులను మరల పరిశీలింపుమని ఆజ్ఞాపించెను. 2024 డిసెంబరులో ఒక యంత్రము జాతికి అంకితమయ్యెను. ఇది పూర్తిగా నడచినచో ఏటికి రెండు కోట్ల టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు వదలునని మా లెక్కలో తేలుచున్నది. దీనిని తలచి ఊరక నిందించుట సులభము. కాని యెండాకాలపు రాత్రి పసిబిడ్డ ప్రక్కన పంకా ఆగినప్పుడు, నాటిన మడికి నీరెక్కించు మోటారు నిలిచినప్పుడు, కరెంటు ఏదీయని కేకవేయువారిలో మనమును ఉన్నాము గదా!

మూడవ మార్గము లంబాపురము, పెద్దగట్టు గ్రామముల క్రిందనున్నది. అచట యురేనియము కలదు. అణుశక్తికి పొగ లేదు గనుక మన దేశము దానిని బొగ్గేతర మార్గములలో లెక్కించుచున్నది. సాగరమునకు అంత సమీపమున గనులు త్రవ్వినచో నీరు చెడునని 2003లో జరిగిన బహిరంగ విచారణయందు జనులు తీవ్రముగ ప్రతిఘటించిరి. నల్లమలలో యురేనియము త్రవ్వకమునకు వ్యతిరేకముగ తెలంగాణ శాసనసభయు 2019 సెప్టెంబరులో తీర్మానము చేసినది. ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగిన బిడ్డలను పెంచిన నల్లగొండ తల్లులకు నీటివిషయమున భయముండుట వింత కాదు.

మడిలోని వాయువు

నందికొండ కాలువలు మెట్టసీమకు తెచ్చిన భాగ్యము వరి. పొగలెక్కలో వరికిని ఒక పద్దు కలదని విన్నవారు ఆశ్చర్యపడుదురు. మడిలో నీరు నిండుగ నిలిచియున్నప్పుడు మట్టికి గాలి తగులదు. గాలి తగులని బురదలో పెరుగు సూక్ష్మజీవులు మీథేను అను వాయువును పుట్టించును. నూరేండ్ల లెక్కలో ఇది బొగ్గుపులుసు వాయువుకంటె తూకమునకు తూకము సుమారు 28 రెట్లు వేడిమిని పట్టియుంచును. కాని పండ్రెండేండ్లకే క్షీణించిపోవును. కావున దీనిని తగ్గించిన ఫలము త్వరగా కానవచ్చును.

2021లో గ్లాస్గోయందు మీథేనును తగ్గింతుమని నూటికిపైగ దేశములు ప్రతిజ్ఞ చేసినను, భారతదేశము అందు చేరలేదు. చిన్నరైతు మడిమీదను, పాడిపశువుమీదను భారము పడునని మనవారి శంక. అది ప్రాణము నిలుపుకొను పొగ యనియే వారి వాదము. ఈ వాదము న్యాయమే. అయినను రైతునకు హాని లేక దీనిని తగ్గించు ఉపాయము ఒకటి కలదు. అది తడిపొడి పద్ధతి. ప్రక్కలకు బెజ్జములు పొడిచిన గొట్టమునొకదానిని మడిలో నాటి, నీరు నేలమట్టమునకు జానెడుకంటె కొంచెము తక్కువగ, అనగా 15 సెంటీమీటరులు, క్రిందికి దిగిన పిమ్మట మరల తడి పెట్టవలెను. పూతవేళ మాత్రము నీరు తప్పరాదు. ఇట్లు చేసినచో మీథేను దాదాపు సగమువరకు తగ్గుననియు, నీరు కలిసివచ్చుననియు, దిగుబడి పెద్దగా చెడదనియు పరిశోధనలు చెప్పుచున్నవి.

ఇంత చక్కని ఉపాయము ఊరూర ఎందుకు వ్యాపింపలేదు? కారణములు రెండు. కాలువ చివరి భూములవానికి మరల నీరెప్పుడు వచ్చునో తెలియదు; వచ్చినప్పుడే మడి నింపుకొనక ఆరబెట్టుమనిన, అతడు వినడు. వంతు తప్పక నీరు వచ్చునన్న నమ్మకము ముందు కలుగవలెను. రెండవ కారణమును సభలలో చెప్పువారు అరుదు. నిలిచిన నీరు కలుపును అణచును. మడి ఆరినచో కలుపు మొలచును. కలుపు తీయునది ఎవరు? నడుము వంచి ఎండలో వరుసకట్టి నిలుచు కూలిస్త్రీలు. మీథేను తగ్గినదని లెక్కవ్రాసి, రైతునకో సంస్థకో ధనమిచ్చునప్పుడు, హెచ్చిన కలుపుదినములు ఎవరి ఖాతాలో పడినవని అడుగుట స్త్రీలమైన మనకు ధర్మము. కలుపుకూలిని ఈ పద్ధతి ఖర్చులోనే చేర్చవలెను. నడుము విరువని పనిముట్లను వారి చేతికీయవలెను.

పొగ నమ్మిన స్త్రీలు

పొగ తగ్గించినందుకు ధనమిచ్చుట కల్లబొల్లి మాట కాదు. తెలంగాణమునకు ఉత్తరపుకొసన, నాటి ఆదిలాబాదు జిల్లాలో, పవర్‌గూడ అను గోండుపల్లె కలదు. అచటి స్త్రీలు సంఘముగ కూడి కానుగమొక్కలు పెంచి, గింజలనుండి నూనె తీయసాగిరి. కానుగనూనె డీజిలుకు బదులు వాడదగినది. పదేండ్లలో ఈ నూనెవలన తప్పు పొగను 147 టన్నులని లెక్కగట్టి, ప్రపంచబ్యాంకు 2003లో వారికి 645 డాలర్లు చెల్లించెను. వాషింగ్టను నగరమున జరిగిన ఒక సభకు విమానములలో వచ్చినవారు వదలిన పొగకు ఇది ప్రాయశ్చిత్తము. నాటి మారకమున ఆ సొమ్ము 30 వేల రూపాయలకు లోపే.

ఈ వార్త విన్నప్పుడు మొదట గర్వము కలుగును. అడవిపల్లె ఆడవారి పనికి అంత దూరమున విలువ కట్టిరి గదా! పిదప ఆలోచన పుట్టును. వీర్లపాలెపు కేంద్రము పూర్తిగ నడచిన నాడు 147 టన్నులను వదలుటకు దానికి పట్టు కాలము నాలుగు నిమిషములకు మించదు. పేదరాలి పదేండ్ల శ్రమతో ధనికుని మూడునాళ్ళ ప్రయాణము పరిశుద్ధమగునని తృప్తిపడినచో, ఆకాశపు లెక్క ఏనాటికిని తీరదు. ఇట్టి సొమ్ము వచ్చుట మంచిదే. కాని అది పొగ వదలువానికి అనుమతిపత్రము కారాదు.

మన యింట చేయదగినవి

ఇక గృహిణులు చేయదగిన పనులను చెప్పెదము. 60 వాట్ల పాతబుడ్డి స్థానమున 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపముంచి దినమునకు ఐదుగంటలు వెలిగించినచో ఏటికి 93 యూనిట్లు మిగులును. ఇంట నాలుగు దీపములైన 372 యూనిట్లు. బొగ్గు కరెంటైనచో అంతకంతే కిలోల వాయువు తప్పును, ఖర్చును తగ్గును.

రెండవది వేళ. సాయంకాలము ఆరు మొదలు పది వరకు దేశమంతయు ఒక్కమారే కరెంటు వాడును. అప్పుడే బొగ్గుయంత్రములు బరువెక్కును. నీళ్ళమోటారు, పిండిరుబ్బు యంత్రము, బట్టల యంత్రము, ఇస్త్రీపెట్టె, వీనిని ఎండకాయు వేళకు మార్చుకొనుట మన చేతిలోని పని. ఎండవేళ కరెంటునకు తక్కువ ధరయు, రాత్రివేళ ఎక్కువ ధరయు వేయుటకు కేంద్రప్రభుత్వము 2023లోనే నియమములు చేసియున్నది. ఈ అలవాటు ముందే చేసికొన్నవారు నష్టపడరు.

మూడవది పొయ్యి. కట్టెపొయ్యి పొగ ఆకాశముకంటె ముందుగ ఇల్లాలి ఊపిరితిత్తులకు చేరును. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపము పథకము, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకము పేదయింటికి గ్యాసుపొయ్యిని తెచ్చినవి. గ్యాసునందును పొగపులుసు కలదు గదాయని పండితులు అనవచ్చును. కాని మోపుకట్టెలకై క్రోసెడు నడచి, దగ్గుచు ఊదురుగొట్టము నూదు నామె బండతెచ్చుకొనుట భోగము కాదు, ప్రాణరక్షణ. ఆమె గ్యాసును మానవలసిన పనిలేదు. రెండవ బండ కొనలేక మరల కట్టెలకు మరలకుండునట్లు ఆమెకు తోడుపడవలసియున్నది. చల్లనిగదిలో దుప్పటి కప్పుకొని నిదురించు మనవంటివారి ఇండ్లలో మాత్రము, చల్లదనపు యంత్రమును రెండు మూడు డిగ్రీలు పైకి పెట్టి పంకా వేసికొనుట కష్టమా?

ఇంతవరకు చెప్పినదాని సారమిది. ఒడంబడికలయందు మనదేశము పలుకుచున్న సూత్రము, ప్రాణముకొరకైన పొగకు దయ, భోగముకొరకైన పొగకు పన్ను అనునది, దేశపు గడప దాటినంతనే మారిపోరాదు. ఆ సూత్రమునే పట్టణపు మేడకును గిరిజనుల గూడెమునకును, కాలువ మొదటి రైతునకును చివరి రైతునకును, ముంపుగ్రామపు ఇల్లాలికిని ఆ నీటి కరెంటుతో దీపము పెట్టు ఇల్లాలికిని నడుమ కూడ పాటింపవలెను. మా అత్తలు పెట్టిన చిట్టాపుస్తకములలో పనిమనిషి జీతము, చాకలిపద్దు, పాలేరు గింజలు ఒక్కటియు తప్పెడివి కావు. దేశము పెట్టు పొగచిట్టాలో కలుపుకూలి, ముంపుపరిహారము, కట్టెలమోపు అను పద్దులు కూడ చేరవలెను. రాబోవు గ్రామసభలో, సంఘసమావేశములో ఈ మూడు పద్దులను గూర్చి ప్రశ్నించుటకు సోదరీమణులు వెనుదీయకుందురని మా నమ్మకము.